లేని లోకానికి కూడ లెక్క ఉన్నది

కొంతకాలం క్రితం మా కేంద్రం నుండి చంద్రలోకాన్ని గూర్చిన ఒక నాటిక ప్రసారమైనది. వ్రాసినది నేనే, నిర్వహించినదీ నేనే. కనుక అందులోని దోషాన్ని మరొకరి మీదికి నెట్టే అవకాశం లేదు. చంద్రుని దక్షిణ ధ్రువానికి సమీపంలో నలుగురు మనుష్యులు ఒక చిన్న నివాసం ఏర్పరచుకొని ఉంటారు. బయటి పనికి వెళ్ళిన ఒకడు వేళకు తిరిగి రాడు. తక్కిన ముగ్గురు తలుపు దగ్గర నిలిచి ఎదురు చూస్తుంటారు. ఎట్టకేలకు అతడు వస్తాడు. ఇంతే కథ. ఆ ఎదురుచూపులోని ఆందోళనను శ్రోతల చెవికి అందించడం కొరకు, మా ధ్వనుల భాండారం నుండి ఈదురుగాలి శబ్దాన్ని ఎన్నుకొని, ఆ తలుపు వెలుపల రెండు నిమిషాలపాటు హోరెత్తించినాను. గాలి చక్కగా కుదిరినదని స్టూడియోలో అందరూ మెచ్చుకొన్నారు. నేనూ సంతోషించినాను.

వారం తిరగకుండా ఒక కార్డు వచ్చినది. తొమ్మిదవ తరగతి చదువుతున్న ఒక బాలిక వ్రాసినది. నమస్కారాలు అయిన తరువాత అందులో ఉన్నది ఒకే ప్రశ్న: "అయ్యా, గాలి లేని చోట గాలివాన ఎట్లా వీచినది?"

నేను కొంత బింకంగానే జవాబు వ్రాసినాను. చిరంజీవికి ఆశీస్సులు చెప్పి, ఇది కల్పిత కథ గదా తల్లీ, కల్పనలో ఇటువంటివి రచయితకు చెల్లుతవి అని సర్దిచెప్పినాను. రెండవ కార్డు వచ్చినది. "కల్పన అని ఒప్పుకుంటానండీ. ఘటోత్కచుడు ఆకాశంలో ఎగిరితే ఎందుకని నేను ఏనాడూ అడగలేదు. కాని బయట గాలి లేదనీ, ముసుగు తీస్తే ప్రాణం పోతుందనీ మొదటి దృశ్యంలో మీ నాయకుడే చెప్పినాడు. అది నమ్మినాను గనుకనే బయటికి వెళ్ళినవాని కొరకు భయపడినాను. గాలి వీచేసరికి నా భయం పోయినది."

ఈ చివరి వాక్యానికి నా దగ్గర జవాబు లేకపోయినది. విజ్ఞానశాస్త్రంలో పొరపాటు జరిగినదని ఆ పిల్ల నన్ను తప్పు పట్టలేదు. నేను ఇచ్చిన మాటను నేనే తప్పినానని చెప్పినది. ఒక మనిషి ప్రాణం మీద ఆమె పెట్టుకొన్న ఆదుర్దాను నేను నా చేతులారా చెరిపివేసినాను. నాటకం వ్రాసేవానికి ఇంతకు మించిన నష్టం మరేమున్నది?

కథలో లేనిది ఉండటం దోషం కాదు. కథ అనేదే లేనిది. ఏ లోకంలో ఏది సాధ్యం, ఏది అసాధ్యం అన్నది రచయిత ఇష్టం. అయితే ఆ ఇష్టం మొదటి పుటతో సరి. శాసనం చేసిన తరువాత ఆ శాసనానికి అతడు కూడ లోబడవలసినదే. ఈ విషయాన్ని అందరికంటె స్పష్టంగా చెప్పినవాడు ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా ఉండిన జె. ఆర్. ఆర్. టోల్కీన్. అద్భుత కథలను గూర్చి 1939లో స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో ఆయన ఒక ఉపన్యాసం చేసినాడు. కథ చదివేవాడు తన అవిశ్వాసాన్ని కాసేపు తానే పక్కకు నెట్టి ఉంచుతాడని అంతకు పూర్వం కవి కోలరిడ్జ్ చెప్పి ఉన్నాడు. టోల్కీన్‌కు ఆ మాట చాలలేదు. మంచి కథకుడు ఒక రెండవ లోకాన్ని సృష్టిస్తాడు, పాఠకుని మనస్సు అందులో ప్రవేశిస్తుంది, లోపల ఉన్నంత సేపూ అక్కడి విషయాలు అక్కడి ధర్మాల ప్రకారం నిజమే అని ఆయన వాదం. అవిశ్వాసం తల ఎత్తిన క్షణంలో మంత్రం విరిగిపోతుంది. మనం మళ్ళీ ఈ లోకంలో నిలబడి, విఫలమైన ఆ చిన్న లోకాన్ని బయటినుండి చూస్తుంటాము. నా కార్డులోని బాలిక చెప్పినదీ ఇదే. ఆమె టోల్కీన్‌ను చదివి ఉండదు.

అదే ఉపన్యాసంలో ఆయన ఆకుపచ్చని సూర్యుని దృష్టాంతంగా తీసుకొన్నాడు. ఆకుపచ్చని సూర్యుడు అనడానికి రెండు మాటలు చాలును. ఎవరైనా అనవచ్చును. కాని ఆ సూర్యుడు ఉదయించటం సహజమని తోచే లోకాన్ని కల్పించాలంటే శ్రమ కావలెను, ఆలోచన కావలెను. ఆ వెలుగులో వరిచేను ఏ రంగులో కనబడుతుంది? పెళ్ళికూతురి నుదుట కుంకుమ ఏ రంగు? అక్కడి కవి ప్రియురాలి పెదవిని దేనితో పోలుస్తాడు? ఈ ప్రశ్నలు నావి. ఇటువంటివి పది వేసుకొన్న తరువాత గాని ఆ సూర్యునికి వేడి పుట్టదు.

ఒకే ఒక అసాధ్యం, తక్కినదంతా ఇరుగుపొరుగు వ్యవహారం అనే పద్ధతిని సాధించి చూపినవాడు హెచ్. జి. వెల్స్. 1897లో వెలువడిన ఆయన అదృశ్యమానవుని కథను చూడండి. గ్రిఫిన్ అనే శాస్త్రవేత్త తన శరీరాన్ని కంటికి కనబడకుండా చేసుకొంటాడు. మన జానపద కథలో అయితే వాడు తలపాగాతో, కత్తితో సహా మాయమై అంతఃపురంలో ప్రవేశించి ఉండేవాడు. గ్రిఫిన్‌కు ఆ సౌఖ్యం లేదు. శరీరం మాయమైనది గాని బట్టలు మాయం కావు. అందుచేత జనవరి చలిలో లండను వీథులలో దిగంబరంగా తిరగవలసి వచ్చినది. తిన్న అన్నం జీర్ణమయ్యేదాకా కడుపులో కనబడుతుంది. కుక్కలు వాసన పట్టి తరుముతవి. బురదలో నడిస్తే అడుగుల జాడ పడుతుంది. మంచు కురిస్తే ఆకారం బయటపడుతుంది. తన పాదాలు తనకే కనబడక మెట్లు దిగటంలో తడబడతాడు. పారదర్శకమైన కంటికి వెలుగును పట్టే శక్తి ఉండదు గనుక అతడు గ్రుడ్డివాడు కావలసినదేనని రష్యన్ రచయిత పెరెల్మన్ తరువాత ఆక్షేపించినాడు. ఆక్షేపణ సరియైనదే. కాని గ్రిఫిన్ కంటిపాప వెనుక పొగమంచు కంటె పలుచగా కొంచెం రంగు మిగిలినదని వెల్స్ ముందే ఒక వాక్యంలో వ్రాసి పెట్టినాడు. అది చాలునా చాలదా అన్న వాదం అట్లా ఉండనిండు. ఆక్షేపణ ఏ దిక్కునుండి వస్తుందో ఊహించి అక్కడ ఒక కావలివానిని నిలిపినాడు గదా!

వెల్స్ ఒక మనిషిని మార్చినాడు. ఒక గ్రహాన్నే మార్చదలచినవాని పని మరింత కష్టం. అమెరికాలో హాల్ క్లెమెంట్ అనే కలంపేరుతో వ్రాసిన ఒక పాఠశాల విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుడు 1953లో మెస్క్లిన్ అనే గ్రహాన్ని కల్పించి, దాని మీద ఒక నవలను ధారావాహికంగా ప్రకటించినాడు. ఆ గ్రహం బొంగరం వలె అతివేగంగా తిరుగుతుంది. అక్కడ పగలూ రాత్రీ కలిపి 18 నిమిషాలు. ఆ వేగానికి గ్రహం అప్పచ్చి వలె చదునైపోయినది. మధ్యరేఖ దగ్గర గురుత్వాకర్షణ భూమి మీది దానికి 3 రెట్లు. ధ్రువాల దగ్గర దాదాపు 700 రెట్లు. ఇంతవరకు గణితం. కథకుని ప్రతిభ ఇక్కడినుండి మొదలవుతుంది. అటువంటి చోట బ్రతికే ప్రాణి ఎట్లా ఉండవలెను? అడుగుంపావు పొడవున, జెర్రివలె అనేక పాదాలతో నేలను కరచుకొని ఉండవలెను. దాని మనస్సు ఎట్లా ఉండవలెను? 700 రెట్ల ఆకర్షణలో అరడుగు ఎత్తునుండి జారిన వస్తువు నేలను తాకేసరికి గంటకు సుమారు 160 కిలోమీటర్ల వేగం అందుకొంటుంది. అరడుగు అంటే మన ఇంటి గడప ఎత్తు. కాబట్టి అక్కడివారికి ఎత్తు అంటే మృత్యువు. వస్తువును విసరటం అనే ఊహే వారికి లేదు. తల మీద బరువైనది ఏదీ ఉండరాదు గనుక వారి ఇండ్లకు గట్టి కప్పులు లేవు, గుడ్డలు కప్పుకొంటారు. ఆ జాతికి చెందిన ఓడ నాయకుడు బార్లెన్నన్‌ను, ఆకర్షణ తక్కువగా ఉన్న మధ్యరేఖ దగ్గర, ఒక భూలోకవాసి మంచితనం కొద్దీ ఎత్తి తన బండి కప్పు మీద కూర్చోబెడతాడు. ఆ ధీరుడు భయంతో కొయ్యబారిపోతాడు. మనిషి ఎత్తు ఎక్కి కూర్చోవటంలో అంత భయం ఉన్నదని నేను ఆ పుట చదివిన నాడు నమ్మినాను. ఆ భయం గణితంలో నుండి పుట్టినది.

ఇటువంటి రచన పాఠకునితో ఆడే పందెం అని క్లెమెంట్ భావించినాడు. వీలైనన్ని తక్కువ తప్పులు చేయటం రచయిత వంతు, ఆ తప్పులను పట్టుకోవటం పాఠకుని వంతు. పట్టుకొన్నారు కూడ. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ విద్యార్థులు లెక్క వేసి, అంత వేగంగా తిరిగే గ్రహానికి మధ్యరేఖ పొడుగునా కత్తివాదర వంటి అంచు ఏర్పడవలెనని చూపినారు. ఆ ఉపాధ్యాయుడు ముచ్చటపడి ఒప్పుకొన్నాడట. నాకు వచ్చిన మొదటి కార్డుకు నేను వ్రాసిన జవాబు తలచుకొంటే ఇప్పుడు సిగ్గు కలుగుతున్నది.

గణితం రానివారు నిరాశ పడనవసరం లేదు. ఫ్రాంక్ హెర్బర్ట్ 1965లో ప్రకటించిన డ్యూన్ నవలలో ఒక ఎడారి గ్రహం ఉన్నది. అక్కడ వాన లేదు. ఎడారిలోని జనులు తమ చెమటను, ఊపిరిలోని తేమను తిరిగి త్రాగే నీరుగా మార్చే దుస్తులు ధరిస్తారు. ఇది యంత్రం, యంత్రాన్ని ఎవరైనా కల్పించగలరు. హెర్బర్ట్ అంతటితో ఆగలేదు. ఆ గ్రహానికి కొత్తగా వచ్చిన ప్రభువు దర్శనానికి ఎడారి నాయకుడొకడు వచ్చి, సభలో ఆయన ఎదుట బల్ల మీద ఉమ్మివేస్తాడు. ప్రభువు పరివారం కత్తుల మీద చేతులు వేస్తారు. ఎడారివారి సంగతి తెలిసినవాడు ఒకడు వారిని వారించి, తన శరీరంలోని తేమను కానుకగా ఇచ్చినందుకు ఆ నాయకునికి కృతజ్ఞత తెలుపుతాడు. నీటికి కరవైన దేశంలో ఉమ్మి అవమానం కాదు, అర్పణం. ఒక్క చిన్న సంఘటనతో ఆ ఎడారి మన గొంతులో ఎండిపోతుంది. వర్షపాతం బొత్తిగా తక్కువైన అనంతపురం జిల్లాలో, ఎండాకాలం అతిథికి చెంబుతో నీళ్ళు అందించే ఇల్లాలి ముఖం చూసినవారికి దీనిని వివరించి చెప్పనక్కరలేదు.

మా కార్యాలయానికి యువ రచయితల వ్రాతప్రతులు చాలా వస్తుంటవి. గ్రహాంతర గాథలు కూడ వస్తవి. అందులో సగానికి పైగా మొదటి నాలుగు పుటలలో ఆ గ్రహం యొక్క వేయి సంవత్సరాల చరిత్ర ఉంటుంది. రాజవంశాలు, యుద్ధాలు, నోరు తిరగని పేర్లు. ఆ రాజుల భోజనశాలలో వంట చేసేది ఎవరో, పాత్రలు తోమేది ఎవరో మాత్రం ఉండదు. వ్రాసినవారిని అడిగితే, అది ముఖ్యం కాదు గదండీ అంటారు. అదే ముఖ్యం అని నా అభిప్రాయం. సింహాసనం ఎవరిది అన్నది ఏ లోకంలో నైనా ఒకటే కథ. కట్టెలు ఎక్కడినుండి వస్తవి, ఉప్పు ధర ఎంత, శవాన్ని ఏమి చేస్తారు అన్న చోట లోకానికి లోకానికి భేదం కనబడుతుంది.

రచయిత ఈ చరిత్రనంతా ఎరిగి ఉండరాదని కాదు. ఎరిగి, దాచుకోవలెను. టోల్కీన్ కథ కంటె ముందు భాషలను సృష్టించినాడు. ఫిన్నిష్ భాష నాదానికి ముగ్ధుడై ఒకటి, వెల్ష్ భాష పోలికతో మరొకటి. ఆ భాషలు మాట్లాడేవారికి ఒక లోకం కావలసి వచ్చి కథలు అల్లినాడు. 1954, 1955 సంవత్సరాలలో మూడు సంపుటాలుగా వెలువడిన ఆయన మహాకథకు ముందు పటం ఉన్నది. కథను పటానికి సరిపడేటట్లు నడిపినాడు. దూరాలు తప్పితే ప్రయాణికుల దినాలు తప్పుతవి. ఇంతకంటె విచిత్రం చంద్రుని సంగతి. వేరు వేరు దారులలో పోతున్న పాత్రలు ఒకే రాత్రి చూసే చంద్రుడు ఒకే కళలో ఉండవలెను గదా! ఆయన 1942వ సంవత్సరపు చంద్రకళలను ఆధారంగా పెట్టుకొని తేదీలు సవరించినాడు. పంచాంగం చూడనిదే ప్రయాణం కట్టని మన పెద్దలు వింటే సంతోషిస్తారు. చదివేవారిలో ఆ చంద్రుని లెక్కపెట్టేవారు అరుదు. అయినా నేల గట్టిగా ఉన్నదన్న సంగతి నడిచేవాని కాలికి తెలుస్తుంది.

భాష మాట వచ్చినది గనుక మన మాయాబజారును తలచుకోకుండా ఉండలేను. 1957లో కె. వి. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన ఆ చిత్రానికి మాటలు వ్రాసిన పింగళి నాగేంద్రరావు ఘటోత్కచుని పరివారానికి తస్మదీయులు, గింబళి, గిల్పం వంటి మాటలను సృష్టించి ఇచ్చినాడు. గొప్ప సాహసం చేసినవారికి వీరతాళ్ళు వేయించినాడు. ఆ మాటలు విన్నంతనే ఆ కొండలలో ఒక ప్రజ ఉన్నదనీ, వారికి తమవైన హాస్యం, తమవైన బిరుదులు ఉన్నవనీ తోస్తుంది. మరి ప్రియదర్శిని పెట్టె సంగతి? ఎవరికి ఏది ప్రియమో దానినే చూపుతుంది. తెరచి చూసిన శశిరేఖకు అభిమన్యుడు కనబడతాడు. సత్యపీఠం ఎక్కినవాడు మనస్సులోని నిజం కక్కుతాడు. శకుని ఎక్కినా సరే, అది అతని పక్షాన అబద్ధం ఆడదు. మాయకు ఒక నియమం పెట్టి, ఆ నియమాన్ని పాత్రల మీద ప్రయోగించటం చేతనే ఆ మాయ మూడు తరాలుగా మనలను నవ్విస్తున్నది. నియమం లేని మాయ గారడి.

ఇక రేడియో విషయం. మాకు పటం లేదు, రంగు లేదు, ఆకుపచ్చని సూర్యుని చూపే సాధనం లేదు. ఉన్నది చెవి ఒక్కటే. కాని చెవి త్వరగా నమ్ముతుంది. 1938 అక్టోబరు 30వ తేదీ ఆదివారం రాత్రి అమెరికాలో ఆర్సన్ వెల్స్ బృందం, హెచ్. జి. వెల్స్ కుజగ్రహవాసుల దండయాత్ర నవలను నాటకంగా ప్రసారం చేసినది. ఇంగ్లండులోని కథాస్థలాన్ని న్యూజెర్సీలోని గ్రోవర్స్ మిల్ అనే నిజమైన పల్లెకు మార్చినారు. నృత్యసంగీతం సాగుతుండగా మధ్యమధ్య వార్తావిశేషాలు చొరబడినవి. ప్రత్యక్షవార్తాహరుని పాత్ర ధరించిన నటుడు, అంతకు ముందటి సంవత్సరం హిండెన్‌బర్గ్ ఆకాశనౌక దగ్ధమైనప్పుడు రికార్డు చేసిన వ్యాఖ్యాత కంఠాన్ని మళ్ళీ మళ్ళీ విని, ఆ గద్గదస్వరాన్ని అభ్యసించినాడు. ఆ వార్తాహరుడు మాట్లాడుతూ మాట్లాడుతూ ఉండగా హఠాత్తుగా శబ్దం ఆగిపోతుంది. నాటకం అంతటిలో భయంకరమైన ఘట్టం ఆ నిశ్శబ్దమే. దేశమంతా భయంతో వీథుల పాలైనదని మరునాటి పత్రికలు వ్రాసినవి. అందులో అతిశయోక్తి చాలా ఉన్నదని తరువాతి పరిశోధకులు తేల్చినారు.

అతిశయోక్తి లేని విషాదం మరొకటి ఉన్నది. 1949 ఫిబ్రవరి 12న దక్షిణ అమెరికాలోని ఈక్వెడార్ రాజధాని కీటో నగరంలో ఇదే కథను స్థానిక గ్రామాల పేర్లతో, అధికారుల కంఠాలను అనుకరిస్తూ రేడియోలో ప్రసారం చేసినారు. జనం వీథులలోకి పరుగెత్తినారు. ఇది నాటకం అని ప్రకటించేసరికి వారి భయం ఆగ్రహంగా మారినది. రేడియో కేంద్రం ఉన్న పత్రికాభవనానికి నిప్పు పెట్టినారు. పలువురు ప్రాణాలు కోల్పోయినారు.

నమ్మదగిన లోకాన్ని నిర్మించే విద్యలో ఇది కూడ భాగమని భావించి ఇంత వివరంగా చెప్పినాను. కథ అని తెలిసి లోపలికి వచ్చినవానిని నమ్మించటం కళ. వార్త వినడానికి కూర్చున్నవానిని నమ్మించటం మోసం. వార్తలు చదివే కంఠాన్ని గాని, వార్తలకు ముందు వచ్చే సంగీతాన్ని గాని నా నాటికలలో వాడరాదని నేను నియమం పెట్టుకొన్నాను. దానివల్ల కొన్ని మంచి ఘట్టాలు పోయినవి. పోనిండు.

చంద్రలోకపు నాటికను తిరిగి రికార్డు చేసినాము. ఈదురుగాలిని తీసివేసినాను. గాలి లేని చోట వెలుపలి శబ్దం ఏదీ చెవిని చేరదు. కాని తనలో తాను ఊపిరి పీల్చటం వినబడుతుంది, ముసుగులోని గాలియంత్రం మ్రోత వినబడుతుంది, రేడియో ద్వారా తోటివాని మాట వినబడుతుంది. ఇవే మిగిలినవి. బయటికి వెళ్ళినవాని రేడియో ఆగిపోయిన చోట ఏడు సెకండ్ల నిశ్శబ్దం ఉంచినాను. శ్రోత దృష్టిలో నిశ్శబ్దం అంటే సెట్టు చెడిపోయినదని అర్థం; మా దృష్టిలో మెమో వస్తుందని అర్థం. డ్యూటీ ఆఫీసరుకు ముందే చెప్పి ఉంచినాను. తరువాత ముగ్గురి ఊపిరులు, యంత్రం మ్రోత. అతడు తిరిగి వచ్చినప్పుడు ఎట్లా తెలియవలెను? పిలిస్తే వినబడదు. చాలా ఆలోచించిన మీదట ఆ మార్గం కూడ చంద్రుడే చూపినాడు. గోడను కొడితే ఆ కదలిక గోడలో నుండి ప్రయాణించి లోపలి గాలికి చేరుతుంది, లోపలివారికి వినబడుతుంది. మూడు దెబ్బలు, ఒక ఇనుపరేకు మీద, చెక్కసుత్తితో.

ప్రసారమైన అయిదవ రోజున మూడవ కార్డు వచ్చినది. ఆ మూడు దెబ్బలు వినబడగానే వాళ్ళ నాయనమ్మ మంచం మీద లేచి కూర్చుని, "వచ్చినాడే, తలుపు తీయండి" అన్నదట. అది వ్రాసి, కింద చోటు చాలక అంచు పొడుగునా సన్నని అక్షరాలతో మరొక వాక్యం చేర్చినది: "ఒక సందేహం అండీ. రెండవ దృశ్యంలో నలుగురూ కాఫీ త్రాగినారు. అక్కడ పాలు ఎవరు పోస్తున్నారు?"

పాలపొడి అని జవాబు వ్రాయబోయి కలం ఆపినాను. నలుగురు మనుష్యులు, రోజుకు రెండుసార్లు. భూమినుండి వచ్చే ప్రతి డబ్బాకూ ఎంత ఇంధనం ఖర్చు? డబ్బా అడుగంటిన రోజున ఎవరు మానుకొంటారు, ఎవరు మానుకొన్నట్లు నటిస్తారు? ఆమెకు ఇంకా జవాబు వ్రాయలేదు. రెండవ నాటిక మాత్రం ఆ డబ్బా దగ్గరనే మొదలుపెట్టినాను.